నందిగామ నుంచి విజయవాడ: పొగమంచు ఉదయాల్లో ఫోన్ చెప్పేదేమిటి, చెప్పలేనిదేమిటి?

ప్రశ్న: మాది నందిగామ. విజయవాడలో ఒక ప్రైవేటు ఆసుపత్రి ల్యాబ్‌లో ఉదయం 8 గంటల డ్యూటీ. 125 సీసీ బండి మీద 6.30కి బయల్దేరతాను. ధనుర్మాసం వచ్చిందంటే గుండెల్లో దడ. ఫోన్‌లో ‘ఆకాశం నిర్మలం’ అని చూసి బయల్దేరిన రోజే కీసర దగ్గర కళ్లు పొడుచుకున్నా కనపడనంత మంచు. మొన్న పత్తి వేసుకుని పోతున్న ట్రాక్టరుకు మూరెడు దూరంలో ఆగాను. ‘పొగమంచు’ అని చూపించిన రోజు బస్సెక్కితే చక్కగా ఎండ కాసింది. వాన విషయంలోనూ ఇదే వరస. పదిహేను నిమిషాలు ఆలస్యమైతే సగం రోజు జీతం కోస్తారు. అసలు ఏ యాప్‌ను నమ్మాలి? పసుపు లైటు పెట్టిస్తే ఉపయోగం ఉంటుందా? ఇంకేం చేయమంటారు?

జవాబు: మీరు ఫోన్‌లో పెట్టుకున్న ఊరు విజయవాడ అయి ఉంటుంది. మంచు తగిలింది కీసరలో. రెంటికీ మధ్య దాదాపు నలభై కిలోమీటర్లు. ఆ ఉదయం విజయవాడలో ఆకాశం నిజంగానే నిర్మలంగా ఉండి ఉండొచ్చు. కాంక్రీటు, తారు పగలంతా తాగిన వేడిని రాత్రంతా వదులుతూ ఉంటాయి కాబట్టి నగరం నడిబొడ్డు చుట్టుపక్కల పల్లెల కంటే రెండు మూడు డిగ్రీలు వెచ్చగా ఉండటం మామూలే. పైగా విజయవాడ పేరుతో కనిపించే వాతావరణ వివరాలకు చాలాసార్లు ఆధారం గన్నవరం విమానాశ్రయంలోని పరిశీలనలు. అది నగరానికి తూర్పున ఉంది, మీరు వచ్చేది పడమటి నుంచి. కాబట్టి ముందుగా ఫోన్‌లో నందిగామ, కంచికచర్ల, ఇబ్రహీంపట్నం మూడింటినీ విడివిడిగా చేర్చుకోండి. నందిగామలో వాతావరణ శాఖకు సొంత పరిశీలన కేంద్రం ఉంది. అమరావతి వాతావరణ కేంద్రం రోజువారీ ఉష్ణోగ్రతల పట్టికలో మీ ఊరి కనిష్ఠం విడిగా కనిపిస్తుంది. ఆ అంకె మీకు చాలా పనికొస్తుంది, ఎలాగో కింద చెబుతాం.

ఇంకో చిన్న చిక్కు భాషది. మంచు అంటే మనకు ఆకు మీది తడి, గాలిలోని తెర, హిమాలయాల మీది గడ్డ, అన్నీ. యాప్‌ను తెలుగులో వాడుతుంటే ఫాగ్, మిస్ట్, హేజ్ అనే మూడు వేర్వేరు మాటలూ ‘పొగమంచు’గానో దానికి దగ్గరగానో కనిపించే అవకాశం ఉంది. కిలోమీటరు కంటే తక్కువ దూరమే కనిపిస్తే అది ఫాగ్. కిలోమీటరు దాటి కనిపిస్తూ గాలిలో తేమ బాగా ఉంటే మిస్ట్. తేమ తక్కువగా ఉండి దుమ్ము, పొగ వల్ల మసకేస్తే హేజ్. చివరి రెండింటిలో మీరు హాయిగా బండి నడపొచ్చు. వాతావరణ శాఖ ఫాగ్‌ను మళ్లీ నాలుగుగా విడదీస్తుంది: 500 నుంచి 1000 మీటర్ల దాకా కనిపిస్తే తేలికపాటి, 200 నుంచి 500 అయితే ఓ మోస్తరు, 50 నుంచి 200 అయితే దట్టమైన, 50 కంటే తక్కువైతే అతి దట్టమైన పొగమంచు. బండి మీద వెళ్లేవాళ్లకు చివరి రెండే ముఖ్యం. యాప్‌ను ఒకసారి ఇంగ్లిషులోకి మార్చి, మీరు బస్సెక్కిన రోజు అది చూపించింది ఫాగా, మిస్టా అని ఆరా తీయండి.

కీసర దగ్గరే ఎందుకంటే, అక్కడ మునేరు ఉంది. మన వైపు చలికాలపు పొగమంచు చాలావరకు నేల చల్లబడటం వల్ల పుట్టేదే. మబ్బు లేని రాత్రి నేల తన వేడిని ఆకాశంలోకి వదిలేస్తుంది. నేలను ఆనుకున్న గాలి చల్లబడి, అందులోని ఆవిరి చిన్న చిన్న చుక్కలుగా మారి అక్కడే వేలాడుతుంది. చల్లగాలి బరువైనది కాబట్టి నీళ్లలాగే పల్లానికి జారుతుంది. ఏటి లోయ, తడి పొలాలు, చెరువు వెనక భాగం, ఇవన్నీ దానికి గిన్నెల్లాంటివి. అందుకే ఐతవరం నుంచి కీసర వంతెన దాకా ఏమీ కనపడకపోయినా కంచికచర్ల ఊరు దాటేసరికి తెర తీసినట్టు ఉండొచ్చు. మళ్లీ ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణ రోడ్డుకు దగ్గరవుతుంది. అక్కడ థర్మల్ కేంద్రం, బూడిద లారీలు, పొయ్యిల పొగ కూడా తోడవుతాయి. ఆవిరి చుక్కగా మారడానికి ఒక నలుసు ఆసరా కావాలి. పొగ ఎక్కువున్న చోట నలుసులకు కొదవ ఉండదు, చుక్కలు చిన్నవిగా, లెక్కకు మిక్కిలిగా ఏర్పడి చూపును మరింత అడ్డుతాయి. భోగి నాడు తెల్లవారుజామున ఊరూరా మంటలు వేస్తారు కాబట్టి ఆ ఒక్క ఉదయం మాత్రం ఏ అంచనాతోనూ పని లేకుండా ఎనిమిదింటి దాకా బండి తీయకండి.

ఇక యాప్‌లు ఎందుకు తప్పుతాయి? వాటి వెనక ఉండే కంప్యూటర్ నమూనాలు భూమిని గళ్లు గళ్లుగా విడగొట్టి లెక్క కడతాయి. ప్రపంచమంతటికీ వాడే పెద్ద నమూనాల్లో ఒక్కో గడి దాదాపు 9 నుంచి 13 కిలోమీటర్లు. మన దేశం 2025 మే నెలలో ప్రారంభించిన భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్‌లో అది 6 కిలోమీటర్లు. మునేరు లోయ వెడల్పు అంతకంటే తక్కువ. మంచు పొర మందమేమో కొన్ని పదుల మీటర్లు మాత్రమే. ఉష్ణోగ్రత అర డిగ్రీ అటూ ఇటూ అయినా, గాలి గంటకు నాలుగైదు కిలోమీటర్లు పెరిగినా లెక్క తారుమారవుతుంది. గాలి బొత్తిగా ఆగిపోతే తేమంతా గడ్డి మీద, బండి సీటు మీద చెమ్మగా దిగిపోయి పైన ఏమీ ఉండదు. కొద్దిగా కదిలితే ఆ చల్లదనం పైకి కలిసి మంచు తెర లేస్తుంది. గంటకు పది పన్నెండు కిలోమీటర్లు దాటితే పైనున్న పొడిగాలి కలిసి చెదిరిపోతుంది. ఇంత సన్నటి తేడాలను పట్టుకోవడం కష్టం కాబట్టే ఢిల్లీ విమానాశ్రయంలో 2015 నుంచి దీని కోసమే ప్రత్యేక పరిశోధన నడుస్తోంది. ఇక మచిలీపట్నం రాడార్ బొమ్మ చూసి ‘ఏమీ లేదు’ అనుకునేవాళ్లు చాలామంది. వాన రాడార్‌కు పొగమంచు కనపడదు. చుక్కలు మరీ చిన్నవి, పైగా దాని కిరణం ఇంత దూరం వచ్చేసరికి మంచు పొరకు ఎంతో ఎత్తున పోతుంటుంది.

కాబట్టి ‘రేపు మంచు పడుతుందా లేదా’ అని యాప్‌ను అడగడం మానేయండి. ‘రేపు మంచుకు కావలసిన సరుకు సిద్ధంగా ఉందా’ అని మీరే చూసుకోండి. దానికి రెండంకెలు చాలు.

మొదటిది మధ్యాహ్నం మూడు నాలుగు గంటల ప్రాంతపు డ్యూ పాయింట్. గాలిని ఏ ఉష్ణోగ్రత దాకా చల్లబరిస్తే అందులోని ఆవిరి నీరుగా మారుతుందో ఆ అంకె. చాలా యాప్‌లలో తేమ, గాలి వివరాల పక్కనే ఉంటుంది. డ్యూటీలో టీ తాగేటప్పుడు నందిగామ పేజీ తెరిచి రాసుకోండి. రాత్రి చూస్తే కుదరదా అంటే, పగలు గాలి బాగా కలిసి ఉన్నప్పుడు దొరికే అంకెలో పై పొరల తేమ కూడా తెలుస్తుంది, అందుకని పగటిదే నమ్మదగింది. రెండోది తెల్లవారుజామున ఉండబోయే కనిష్ఠ ఉష్ణోగ్రత అంచనా. యాప్‌లు వీటిలో పెద్దగా తప్పవు, వాటిని బొమ్మగా మార్చడంలోనే తడబడతాయి.

కనిష్ఠం ఆ డ్యూ పాయింట్ కంటే రెండు డిగ్రీలు లేదా అంతకు మించి కిందికి పోయేలా ఉంటే మంచు వచ్చే అవకాశం గట్టిగా ఉన్నట్టు. ఉదాహరణకు మధ్యాహ్నం డ్యూ పాయింట్ 19, తెల్లవారుజామున కనిష్ఠం 17 అంటే సిద్ధపడండి. డ్యూ పాయింట్ 14, కనిష్ఠం 17 అయితే నిశ్చింతగా పడుకోండి. రెండూ దగ్గరదగ్గరగా ఉంటే పొద్దున్నే చూసి తేల్చుకోవాల్సిందే. దీనికి మూడు షరతులు: రాత్రి మబ్బు ఉండకూడదు, గాలి అంచనా గంటకు 8 కిలోమీటర్లు దాటకూడదు, నేల తడిగా ఉండాలి. ముందురోజు వాన పడి సాయంత్రానికి ఆకాశం తేటపడిన రాత్రి అన్నిటికంటే ప్రమాదకరమైనది. అల్పపీడనం వెళ్లిపోయిందని ఊపిరి పీల్చుకున్న మర్నాడే చాలామంది ఇరుక్కుంటారు.

రాత్రి తొమ్మిదికి ఈ లెక్క వేసి బండా, బస్సా, అనుమానమా అని నిర్ణయించుకోండి. అనుమానం అనుకున్న రోజు ఉదయం 5.45కి మేడ ఎక్కండి. వీధిలైటు చుట్టూ గుడి కట్టినట్టు వెలుగు వలయం ఉందా, రోజూ కనిపించే టవర్ ఎర్రలైటు కనిపిస్తోందా చూడండి. అప్పుడు తేటగా ఉన్నా మాట ఖాయం కాదు. జనవరిలో మన దగ్గర సూర్యోదయం 6.40 ప్రాంతంలో. పొద్దు పొడిచిన అరగంటలోనే మంచు ఉన్నట్టుండి చిక్కబడటం తరచూ జరుగుతుంది. తొలి ఎండకు గాలి కొంచెం కదులుతుంది, గడ్డి మీది చెమ్మ ఆవిరై మళ్లీ గాలిలో చేరుతుంది. సరిగ్గా మీరు కీసరలో ఉండే సమయం అదే! ‘బయల్దేరినప్పుడు బాగానే ఉంది’ అన్న ఫిర్యాదుకు కారణం ఇదే. ఎనిమిది, తొమ్మిది గంటలకు అది మామూలుగా విడిపోతుంది.

గన్నవరం విమానాశ్రయం వాళ్లు పైలట్ల కోసం ఇచ్చే మెటార్ అనే సంకేత సందేశం ఇంటర్నెట్‌లో ఎవరైనా చూడొచ్చు. అందులో నాలుగంకెల సంఖ్య ఒకటి విడిగా ఉంటుంది, అది మీటర్లలో కనిపించే దూరం. 18/18 లాంటిది ఉష్ణోగ్రత, డ్యూ పాయింట్. రెండంకెలూ కలిసిపోయాయంటే గాలి తేమతో నిండిపోయిందన్నమాట. ఎఫ్‌జీ అని ఉంటే ఫాగ్, బీఆర్ అని ఉంటే మిస్ట్, హెచ్‌జెడ్ అని ఉంటే హేజ్. అక్కడే పొగమంచు కమ్మిందంటే మునేరు దగ్గర ఇంకా ఎక్కువ ఉంటుందని అనుకోవడమే క్షేమం. అక్కడ లేదంటే మాత్రం మీ దారిలోనూ లేదని కాదు.

ఒక చిన్న నోటుబుక్కు పెట్టుకోండి. తేదీ, మధ్యాహ్నపు డ్యూ పాయింట్, కనిష్ఠం అంచనా, మర్నాడు నందిగామలో నమోదైన అసలు కనిష్ఠం, రాత్రి మబ్బు, కీసర దగ్గర ఎంత దూరం కనిపించింది. ఇరవై రోజులు రాస్తే మీ దారికి రెండు డిగ్రీల తేడా కావాలా, ఒకటిన్నర చాలా అన్నది తేలిపోతుంది. యాప్ కనిష్ఠాన్ని ఎప్పుడూ ఒక డిగ్రీ ఎక్కువ చూపిస్తోందని బయటపడితే ఆ డిగ్రీ తీసేసి లెక్క వేసుకోండి. మీ ఏటి ఒడ్డుకు ఇంతకంటే మంచి సూచన ఏ సంస్థా ఇవ్వలేదు.

ఇప్పుడు ఆ ట్రాక్టరు సంగతి. మూరెడు దూరంలో ఆగారంటే ఆ రోజు మీ వేగం మీకు కనిపిస్తున్న దూరానికి మించి ఉంది. అంచనా తప్పడం కంటే ఇదే పెద్ద ప్రమాదం, దీన్ని సరిచేయడం పూర్తిగా మీ చేతిలో ఉంది. రోడ్లు డిజైన్ చేసేటప్పుడు ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్కల్లో వాడే ఆగే దూరాలు ఇవి: గంటకు 30 కిలోమీటర్ల వేగానికి 30 మీటర్లు, 40కి 45, 50కి 60, 60కి 80, 80కి 120 మీటర్లు. అడ్డం కనిపించి, మనసుకు తెలిసి, బ్రేకు మీద ఒత్తిడి పడేదాకా రెండున్నర సెకన్లు అందులో కలిపి ఉన్నాయి. 60 వేగంలో ఆ రెండున్నర సెకన్లలోనే బండి 42 మీటర్లు పోతుంది. దట్టమైన మంచులో 50 మీటర్లు కనిపిస్తుంటే మీరు బ్రేకు పట్టుకునేసరికే దాదాపు అంతా అయిపోయినట్టే. కాబట్టి 50 మీటర్లు కనిపిస్తే 40 దాటొద్దు. రోడ్డు చెమ్మగా ఉంటే ఇంకో మెట్టు దిగి 30కి రండి.

మంచులో మీటర్లు కొలిచేదెలా? కొలవక్కర్లేదు, లెక్కపెట్టండి. ముందు ఒక చెట్టు మొదలో, బోర్డు కాలో మసకగా కనిపించిన క్షణం నుంచి ‘నూట ఒకటి, నూట రెండు, నూట మూడు’ అంటూ పోండి. దాన్ని దాటేసరికి నూట ఐదు పూర్తయిందా, మీ వేగం సరిపోయింది. నూట మూడుకే దాటేశారా, ఎక్కువైంది, తగ్గించండి. పైన చెప్పిన దూరాలను సెకన్లలోకి మారిస్తే 60 దాకా ఉన్న వేగాలన్నిటికీ మూడున్నర నుంచి ఐదు లోపే వస్తుంది, అందుకే ఐదు. గురుతుకు తెల్ల సున్నం కొట్టిన రాయినో, ఎదుటి బండి లైటునో తీసుకోకండి, అవి దూరం నుంచే కనిపించి మోసం చేస్తాయి. లైటు లేని ట్రాక్టర్ ట్రక్కు కనిపించే దూరమే మీకు కావాలి, అది చెట్టు మొదలు లాంటిది. మంచు ఎంత చిక్కగా ఉందో మీటర్లలో రాసుకోవాలంటే, ఒక తేట రోజున కీసర వంతెన మొదటి నుంచి ట్రిప్ మీటర్‌లో 0.1, 0.2 తిరిగే చోట ఏముందో గుర్తుపెట్టుకోండి. హైవే పక్కన 200 మీటర్లకొకటి ఉండే చిన్న రాళ్లు కూడా పనికొస్తాయి.

నెమ్మదిగా పోతే ఆలస్యం అవుతుందన్న భయం ఉంది కదా, లెక్క చూడండి. మంచు ఉండేది మహా అయితే పదిహేను కిలోమీటర్లు. 60 వేగంలో దానికి 15 నిమిషాలు, 30 వేగంలో 30 నిమిషాలు. తేడా పావుగంట. మీరు 6.30కి బదులు 6.10కి బయల్దేరితే ఆ తేడా తీరిపోతుంది. అంతకంటే ముందు మాత్రం వద్దు. చీకటి, మంచు రెండూ కలిస్తే లైట్లు లేని బండ్లు అసలు కనపడవు.

రోడ్డు మీద మీ చోటు గురించి. ఎడమ లేన్‌లోనే ఉండండి, కానీ అంచున పోవద్దు. ఆగిన లారీలు, నడిచే మనుషులు, ఇసుక, అప్పుడప్పుడూ ఆరబోసిన ధాన్యం, రాంగ్ రూట్‌లో వచ్చే బండ్లు, అన్నీ అంచునే ఉంటాయి. ఎడమ తెల్లగీత నుంచి ఒకటిన్నర, రెండు మీటర్లు లోపలగా, ఆ గీతను చూసుకుంటూ వెళ్లండి. డివైడర్ పక్క లేన్ కార్లకు వదిలేయండి. ముందు పోయే లారీ వెనక లైటు పట్టుకుని పోవడం చాలామందికి అలవాటు. లారీ డ్రైవరుకు ఎత్తు వల్ల కాస్త దూరం కనిపిస్తుంది, ఆయన వేగం మీకు సరిపోదు. ఆయన ఆగిన దాన్ని గుద్దితే మీరు ఆయన్ని గుద్దుతారు. వెంటపడాల్సి వస్తే కనీసం నాలుగు సెకన్ల ఎడం ఉంచండి, ఇదీ అలా లెక్కపెట్టే చూసుకోవచ్చు. నాలుగు ఇండికేటర్లూ వేసుకుని నడపడం వద్దు. వెనకవాళ్లు మీరు ఆగి ఉన్నారనుకుంటారు, మలుపు తిరిగేటప్పుడు మీ సిగ్నల్ ఎవరికీ తెలియదు.

ఇరవై మీటర్లు కూడా కనిపించకపోతే ఆగిపోవాల్సిందే. రోడ్డు పక్కన కాదు. కీసర టోల్‌గేట్ దగ్గరో, పెట్రోలు బంకులోనో, హోటల్ ఆవరణలోనో పూర్తిగా లోపలికి తీసుకెళ్లి ఆపండి. రోడ్డు అంచున ఆపి వెనక లైటు వెలిగించి ఉంచితే, అదే దారి అనుకుని వెనకబండి నేరుగా మీ మీదికి వస్తుంది. హైవే మీద ఏ సాయం కావాలన్నా 1033, దెబ్బలు తగిలితే 108.

పసుపు లైటుకు డబ్బు పెట్టకండి. పొగమంచు చుక్కలు కాంతి తరంగాల కంటే ఎన్నో రెట్లు పెద్దవి కాబట్టి తెలుపునైనా పసుపునైనా దాదాపు ఒకేలా చెదరగొడతాయి. కళ్లకు పసుపు కొంచెం హాయిగా అనిపించొచ్చు, దూరం మాత్రం పెరగదు. అసలు విషయం కాంతి ఏ కోణంలో పడుతోందన్నది. హై బీమ్ వేస్తే కాంతి ఎదురుగా చుక్కల మీద పడి తిరిగి మీ కళ్లలోకే వస్తుంది, తెల్లగోడ నిలబడుతుంది. ఎప్పుడూ డిమ్‌లోనే ఉంచండి. ఒక సాయంత్రం బండిని గోడకు ఐదు మీటర్ల దూరంలో, మీరు సీటు మీద కూర్చుని, డిమ్ లైటు వేసి చూడండి. వెలుగు పై అంచు హెడ్‌లైట్ మధ్యభాగం ఎత్తు కంటే 5 నుంచి 10 సెంటీమీటర్లు కిందుగా ఉండాలి. పైకి ఉంటే మెకానిక్ చేత, లేదా లైటు వెనకున్న మరతో మీరే సరిచేసుకోండి. బజారులో దొరికే చిన్న ఎల్‌ఈడీ లైట్లు చాలావాటిలో వెలుగు సన్నగా, సూటిగా పోతుంది, అవి మంచులో హై బీమ్‌తో సమానం.

ఆ డబ్బు బండి వెనకభాగానికి ఖర్చుపెట్టండి. మంచులో మీకు కనపడటం ఎంత ముఖ్యమో మీరు కనపడటం అంతే ముఖ్యం. షాపులో రేడియం టేపు అడిగేటప్పుడు ఏఐఎస్-090 అనే ప్రమాణం ముద్ర ఉన్నదే, రెండంగుళాల వెడల్పుది ఇవ్వమనండి. వెనక మడ్‌గార్డుకు, సైడు గార్డులకు ఎరుపు, హెల్మెట్ వెనక తెలుపు. నంబరు ప్లేటు మీద అంటించొద్దు. వెనక లైటు అద్దం మీది బురద రోజూ తుడవండి. ముందు బ్రేకు ఒక్కటే పట్టినప్పుడు, వెనక బ్రేకు ఒక్కటే తొక్కినప్పుడు రెండుసార్లూ లైటు వెలుగుతోందో లేదో గోడ మీద ప్రతిబింబం చూసుకోండి. ముందు బ్రేకు స్విచ్ పాడై నెలల తరబడి తెలియకుండా పోయే బండ్లు చాలా ఉంటాయి.

హెల్మెట్ అద్దం లోపల మసక పట్టడానికి మీ ఊపిరే కారణం. గిన్నెలు తోమే లిక్విడ్ ఒక్క చుక్క మెత్తటి గుడ్డ మీద వేసి లోపలివైపు రాసి, మరకలు పోయేదాకా పొడిగుడ్డతో తుడిస్తే ఒక రోజు ఆగుతుంది. శాశ్వతంగా కావాలంటే పిన్‌లాక్ పొర (అద్దం లోపల బిగించే, మసక పట్టని రెండో పొర) పట్టే హెల్మెట్ కొనుక్కోండి. కళ్లజోడు ఉంటే దానికీ ఇదే పద్ధతి. నల్ల అద్దం ఈ రెండు నెలలూ వాడొద్దు. బయటి చెమ్మను తుడవడానికి ఎడమ చేతి గ్లౌజు బొటనవేలికి మెత్తటి గుడ్డ ముక్క కుట్టించుకోండి, కుడిచెయ్యి బ్రేకు వదలకూడదు. గ్లౌజులు గాలి చొరనివి కావాలి, ఉన్నివి చాలవు. వేళ్లు కొంకర్లు పోతే బ్రేకు పట్టడం ఆలస్యమవుతుంది. చెవుల్లో ఇయర్‌ఫోన్లు అసలు వద్దు. మంచులో లారీ మోత ముందు వినిపించి ఆ తర్వాతే అది కనిపిస్తుంది.

టైర్ల గాలి పదిహేను రోజులకోసారి ఉదయం చల్లగా ఉన్నప్పుడు చూపించండి. మధ్యాహ్నపు వేడిలో కొట్టించిన గాలి తెల్లవారుజామున రెండు పీఎస్ఐ దాకా తగ్గి చూపిస్తుంది. బయల్దేరిన వెంటనే నెమ్మదిగా ఉన్నప్పుడు రెండు బ్రేకులూ రెండు మూడుసార్లు తేలిగ్గా పట్టి వదలండి, డిస్క్ మీది చెమ్మ పోతుంది. వంతెన మీది ఇనుప అతుకులు, జీబ్రా గీతల తెల్లరంగు, ఇబ్రహీంపట్నం వైపు రోడ్డు మీద రాలిన బూడిద, ఈ మూడూ చెమ్మకు సబ్బులా జారతాయి. వాటి మీద బ్రేకు పట్టడం, బండి వంచడం రెండూ చేయొద్దు.

వాన సంగతి త్వరగా చెబుతాం. ‘ఒకటి రెండు చోట్ల వర్షం’ అని వాతావరణ శాఖ అంటే జిల్లాలోని కేంద్రాల్లో పావు వంతు లేదా అంతకంటే తక్కువ చోట్ల పడుతుందని అర్థం. ‘కొన్ని చోట్ల’ అంటే సగం దాకా, ‘చాలా చోట్ల’ అంటే ముప్పావు దాకా, ‘దాదాపు అన్ని చోట్లా’ అంటే అంతకు మించి. ఒకటి రెండు చోట్ల అన్న రోజు మీ మీద పడకపోతే అది తప్పు సూచన కాదు. తుపాను వచ్చినప్పుడు దారి, తీరం దాటే చోటు గురించి నమూనాలు బాగానే చెబుతాయి. 2023 డిసెంబర్ 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచాంగ్ లాంటి వాటికి రోజుల ముందే హెచ్చరికలు వస్తాయి. ఏ మండలంలో ఏ గంటకు కురుస్తుందన్నది మాత్రం రాబోయే మూడు గంటల కోసం ఇచ్చే తక్షణ సూచన, నౌకాస్ట్‌లోనే కాస్త నమ్మకంగా దొరుకుతుంది, దానికి రాడార్ బాగా పనికొస్తుంది. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా రెయిన్‌కోటు బండిలోనే ఉంచేయండి, రోజూ ఆలోచించే పని తప్పుతుంది.

బస్సెక్కిన రోజు ఎండ కాసిందని బాధపడ్డారు. ఆ రోజు మీకు పోయింది బస్సు చార్జీ, కాస్త సమయం. ట్రాక్టరు రోజు పోవాల్సింది వేరు. ఈ రెండు పొరపాట్లూ సమానం కావు కాబట్టి అనుమానం వచ్చిన ప్రతిసారీ బస్సు వైపే మొగ్గండి. నెలకు నాలుగైదుసార్లు ఉత్తినే బస్సెక్కినా ఆ లెక్కలో మీరు నష్టపోరు. బస్సు కూడా మంచులో నెమ్మదిగానే నడుస్తుంది, అందుకని ఆ రోజు రోజూ ఎక్కేదాని కంటే ముందు బస్సు పట్టుకోండి.

జీతం కోత విషయం సూపర్‌వైజర్‌తో డిసెంబర్ మొదటి వారంలోనే మాట్లాడండి, ఆలస్యమైన రోజున కాదు. ‘రోజూ మినహాయింపు ఇవ్వండి’ అని అడిగితే ఒప్పుకోరు. డిసెంబర్ 15 నుంచి జనవరి 31 దాకా తొమ్మిది గంటల షిఫ్టో, మధ్యాహ్నం షిఫ్టో ఇచ్చి, విజయవాడలోనే ఉండే సహోద్యోగితో మార్పిడి చేయమని కాగితం మీద రాసి అడగండి. ఉదయం శాంపిళ్లు తీసుకునే పని ఆగకూడదన్నది వాళ్ల ఇబ్బంది, ఆ ఏర్పాటు మీరే చూపిస్తే వినే అవకాశం ఎక్కువ. అది కుదరకపోతే, మంచు అనుమానం ఉన్న రోజున ముందురోజు రాత్రి తొమ్మిదికే వాట్సాప్‌లో సమాచారం పెడతానని, ఆలస్యమైన నిమిషాలు సాయంత్రం ఉండి పూర్తి చేస్తానని రాయండి. నిరుడు మంచు వల్ల ఆలస్యమైన తేదీలు గుర్తుంటే వాటి జాబితా కూడా ఆ కాగితానికి జతచేయండి. ఆరేడు వారాల్లో అలాంటివి ఎన్ని రోజులో వాళ్లకు కనపడితే, అడుగుతున్నది ఎంత చిన్న సర్దుబాటో అర్థమవుతుంది.